గంగులమ్మ నాలుగు నిమిషాలు

ఒక మనిషిని టీవీలో చూపించడానికి అవసరమైన ఏర్పాట్లన్నీ ఈ దేశంలో ఎప్పుడో పూర్తయ్యాయి. ఆ మనిషి తనను తాను టీవీలో చూసుకోవడానికి అవసరమైన ఏర్పాట్లు మాత్రం తుది దశలో ఉన్నాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. (సంతోషిస్తున్నాను అన్నది ఆఫీసు మాట. జమ్మలమడుగులో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరైన ఈ శేషగిరికి వేరే మాట రాదు.)

విషయం ఇదీ. మా ఎదురింటి గంగులమ్మకు ఎనభై నాలుగు గొర్రెలున్నాయి. మందలో ఏది అరిచినా, అటువైపు చూడకుండానే అది ఏ గొర్రో, దాని తల్లి ఏదో చెప్పేస్తుంది. ఈ సంగతి ఎలాగో తెలుసుకుని ఒక వ్యవసాయ చానెల్ వాళ్లు వచ్చారు. ఒక పూటంతా ఆమెను బీడులో నడిపించి, నిలబెట్టి, మళ్లీ నడిపించి, నాలుగు నిమిషాల ముక్క తీసుకుపోయారు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ప్రసారం అన్నారు.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు గంగులమ్మ ముద్దనూరు రోడ్డు పక్కన బీడులో ఉంటుంది. గొర్రెలకు ఆదివారం లేదు. పోనీ, భర్త పెద్దన్నకు మందను అప్పజెప్పి వద్దామా అంటే, ఆయన పిలిస్తే గొర్రెలు రావు. (చానెల్ వాళ్లు దాన్ని కూడా తీశారట. ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు.)

గంగులమ్మ మా గుమ్మంలో నిలబడి అడిగింది.

"సామీ, నా మొగం టీవీలో ఎట్లుంటాదో ఒక్కసారి సూసుకోవల్ల. మా పెండ్లి పోటోలో నేను కండ్లు మూసుకోనుండా. యాబై ఏండ్లకు మళ్ల ఇప్పుడు తీసినారు. ఈసారన్నా కండ్లు తెరిసి ఉండానో లేదో తెలియల్ల కదా."

నా మనసు కరిగిపోయింది. మనసు కరిగిన గుమాస్తా చేయగలిగింది ఒక్కటే. వెంటనే ఫైలు తెరిచాను.

ముందుగా చానెల్‌కు ఫోన్ చేశాను. మళ్లీ వేస్తారా అంటే, వేస్తే వేస్తామన్నారు. యూట్యూబులో పెడతారా అంటే, పోయిన ఉగాదివి ఇంకా ఎక్కిస్తున్నామన్నారు. కాబట్టి రికార్డు చేసుకోవడం తప్ప దారి లేదని తేలింది. దానికి రెండు మార్గాలు: ఇంట్లో పెట్టుకునే రికార్డింగు బాక్సు ఒకటి, ఇంట్లో ఏమీ పెట్టుకోనక్కర్లేని యాప్ ఒకటి. ఏది మేలో తేల్చడానికి ఏకసభ్య కమిటీ వేశాను. సభ్యుడిని నేనే. అధ్యక్ష పదవికి కూడా పోటీ రాలేదు.

కమిటీకి అందిన మొదటి విజ్ఞప్తి మా ఆవిడ ఇందిరది.

"ఏమండీ, మన టీవీలో వచ్చేటప్పుడు నేను సెల్లులో వీడియో తీస్తాను. అయిపాయె కదా?"

కమిటీ దీన్ని సానుభూతితో పరిశీలించి తిరస్కరించింది. ఈ పద్ధతికి దరఖాస్తు లేదు, ఎవరి ఆమోదమూ అక్కర్లేదు, ఖర్చు కూడా లేదు. అలాంటిది నిలబడదు. పైగా ప్రసారం జరిగేటప్పుడు ఎవరూ సెల్లు ఎత్తరాదని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాను. ఇందిర దాన్ని చదివి, మడిచి, పోపుల డబ్బా కింద పెట్టింది.

తరువాత క్షేత్ర పరిశీలన. బస్సెక్కి పెద్దన్నా నేనూ ప్రొద్దుటూరు పోయాం. బంగారు అంగళ్ల వెనక సందులో అబ్దుల్ సత్తార్ బాక్సుల అంగడి. ఆయన దుమ్ము తుడిచి ఒక నల్ల బాక్సు ముందు పెట్టాడు.

"రికార్డు చేసింది దీంట్లోనే ఉంటాది పెద్దన్నా. మీ దొడ్లో గొర్రె మాదిరి. యాడికీ పోదు."

"మా చెల్లెలు ఎర్రగుంట్లలో ఉంది సత్తార్ భాయ్. ఆయమ్మకు సూపీల్లంటే?"

"బాక్సు ఎత్తుకోని పోవల్ల."

"ఎత్తుకోని పోతే ఆడ కనపడతాదా?"

"కనపడదు. ఆడ టీవీకి పెడితే ఇది పన్జేయదు."

పెద్దన్న బాక్సును తిరగేసి చూశాడు.

"సరేలే. బాక్సు చెడిపోతే?"

"కొత్త బాక్సు ఇస్తాం."

"మళ్ల పాతదాంట్లో ఉండేది?"

"కొత్తదాంట్లో పాతది ఎట్లుంటాది పెద్దన్నా? అది కొత్తది కదా," అన్నాడు సత్తార్. ఈ తర్కంలో తప్పు పట్టడానికి కమిటీకి ఏమీ దొరకలేదు.

మర్నాడు సాయంత్రం పులివెందుల నుంచి ఉదయ్ కుమార్ అనే యాప్ ప్రతినిధి, మెళ్లో ట్యాగుతో, మోటారు సైకిల్ మీద వచ్చాడు. గంగులమ్మ అప్పుడే మందను దొడ్లో తోలి వచ్చింది.

"బాక్సుల కాలం పోయిందక్కా. ఒక బటన్ నొక్కితే సాలు, మా సర్వరే రికార్డు చేస్తాది," అన్నాడు.

"ఆ సర్వరు యాడుంటాదప్పా?"

"బొంబాయిలో."

"నా మొగం బొంబాయికి పోయి, ఆడుండి, నేను పిలిస్తే మళ్ల ఈడికి వస్తాదా?"

"వస్తాదక్కా. ఏడు దినాలు ఎప్పుడు పిలిసినా వస్తాది."

"ఎనిమిదో దినం?"

"పాలసీ ప్రకారం పోతాది."

"గొర్రె తప్పిపోతేనే మేము పదైదు దినాలు ఎతుకుతామప్పా. మీది ఏం కంపెనీ?"

ఉదయ్ కుమార్ నవ్వి, ఏడు రోజులు ఉచితమని చెప్పాడు. సత్తార్ కూడా బాక్సును వారం పాటు ఊరికే వాడి చూడమన్నాడు. ఇక కమిటీకి ఏదో ఒకటి తేల్చాల్సిన అవసరమే లేకుండా పోయింది. బాక్సూ యాప్ రెండూ పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాను. ఒకటి తప్పితే ఒకటి పట్టుకుంటుంది. ఇంత పకడ్బందీ ఏర్పాటు మా ఆఫీసులో ఎన్నికల పెట్టెలకు కూడా చేసిన జ్ఞాపకం లేదు.

శనివారం సత్తార్ స్వయంగా వచ్చి గంగులమ్మ ఇంట్లో టీవీకి బాక్సు బిగించి, ఆదివారం నాలుగు గంటలకు దానంతట అదే రికార్డు చేసేటట్టు పెట్టి పోయాడు. నేను నా ఫోనులో యాప్ ఎక్కించి ఆ బటన్ నొక్కాను. పదకొండు నిబంధనలు రాసి వాళ్ల టీవీ పక్కన అంటించాను. నాలుగో నిబంధన: రిమోటును ఎవరూ తాకరాదు. ఏడో నిబంధన: బాక్సు మీద టవలు ఆరవేయరాదు. తొమ్మిదో నిబంధన: ఎర్రలైటు వెలుగుతోందని పెద్దన్న భయపడరాదు.

ఆదివారం నాలుగు గంటలకు వీధి వీధంతా మా ఇంట్లో చేరింది. గంగులమ్మా పెద్దన్నా మామూలుగానే ఇల్లు తాళం వేసి మందతో పోయారు. కార్యక్రమం మొదలైంది. తెర మీద గంగులమ్మ బీడులో నిలబడి ఉంది. వెనకాల ఎక్కడో ఒక గొర్రె అరిచింది. ఆమె తల తిప్పకుండా, "అది బొట్టుదాని రెండో పిల్ల. కాల్లో ముల్లు ఇరిగింటాది," అంది. కెమెరా అటు తిరిగితే, ఒక పిల్ల మూడు కాళ్ల మీద కుంటుతోంది. మా వరండా చప్పట్లతో దద్దరిల్లింది. నేను గర్వంగా ఆ సమయాన్ని ఫైలులో రాసుకున్నాను. ఉత్తర్వును గౌరవించి ఇందిర తన సెల్లును ఒళ్లో బోర్లించి పెట్టుకుని కూర్చుంది.

ఏడు గంటలకు గంగులమ్మ వచ్చింది. కాళ్లు చేతులు కడుక్కుని, పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. (తనను తాను చూడబోతోంది కదా.) ఇదంతా మా ఇంట్లోనే జరిగింది, ఎందుకంటే పట్టుచీర పెట్టె ఎలుకల భయంతో మా అటక మీద ఉంటుంది. తరువాత ఊరేగింపుగా ఎదురింటికి నడిచాం. పెద్దన్న తాళం తీశాడు. లోపలికి పోయి చేయి పైకెత్తి, మెయిన్ స్విచ్చి వేశాడు.

ఆ 'టక్కు'మన్న చప్పుడుకు కమిటీ గుండె జారిపోయింది.

నాలుగేళ్ల కిందట మా వీధి చివర వైర్లు కాలి ఒక ఇల్లు తగలబడింది. అప్పటి నుంచి మెయిన్ దించకుండా ఇల్లు తాళం వేసేవాణ్ని మా వీధిలో నేను చూడలేదు. నేనూ దించుతాను. అందుకే పదకొండు నిబంధనలు రాసిన నాకు పన్నెండోది తట్టలేదు.

'రికార్డింగ్ విఫలమైంది. విద్యుత్ లేదు,' అంది టీవీ.

"దినామూ దించేదే కదా సామీ," అన్నాడు పెద్దన్న బిక్కమొహంతో. "కరెంటుతో ఎగతాళా?"

కమిటీ ధైర్యం కోల్పోలేదు. యాప్ ఉంది కదా. నా ఫోనులో తెరిచాను. అగ్గిపెట్టెంత బొమ్మలో గొర్రెలు, వాటి వెనక ఆవగింజంత గంగులమ్మ. వేలు పెట్టి నొక్కాను. 'ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు' అని వచ్చింది. ఆ కార్యక్రమం తీసిన బీడు మేం నిలబడిన చోటికి రెండున్నర కిలోమీటర్లు. ఉదయ్ కుమార్‌కు ఫోన్ చేస్తే, "బెంగుళూరు పోయి నొక్కండి సామీ, కచ్చితంగా వస్తాది," అన్నాడు.

గంగులమ్మ పట్టుచీరలో మంచం మీద కూర్చుంది. కోపం లేదు.

"పోనీలే సామీ. మీరంతా సూసినారు కదా. నా కండ్లు తెరిసి ఉండాయా?"

ప్రసారమంతా నేను గోడ గడియారం చూసి సమయాలు ఫైలులో రాసుకుంటున్నాను. ఇందిర తెరిచే ఉన్నాయంది. పక్కింటి రాజమ్మ ఎండకు మూసుకున్నట్టుంది అంది. అసలు సంగతేమిటంటే, అందరూ గొర్రెలను చూశారు.

సిగ్గేసింది. ఆ సిగ్గు ఫైలులో రాసే వీలు లేక, యాప్ కంపెనీ కస్టమర్ కేరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. 'మా సేవల నాణ్యత కోసం ఈ సంభాషణ రికార్డు చేయబడుతుంది' అని ఒక గొంతు చెప్పింది. పద్నాలుగు నిమిషాలు వీణ వినిపించారు. ఆ తరువాత ఒక అమ్మాయి పలికింది. నేను ఫిర్యాదు చదవబోతుంటే గంగులమ్మ ఫోను లాక్కుంది.

"ఏమ్మా, ఇప్పుడు నేను మాట్లాడేదంతా మీకాడ రికార్డు అయితాందా?"

"అవును మేడం. ప్రతి మాటా అవుతుంది."

"ఈడ కరెంటు తీసేసినా?"

"అయినా అవుతుంది మేడం."

"ఏడు దినాలకు పోతాదా?"

"లేదు మేడం. మూడేళ్లు భద్రంగా ఉంటుంది."

"మా ప్రాంతం నుంచి మాట్లాడినా?"

"ఏ ప్రాంతమైనా ఉంటుంది మేడం."

గంగులమ్మ మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "సామీ, మీరు ప్రొద్దుటూరంతా తిరిగినారే, మంచి బాక్సు ఈయమ్మకాడ ఉంది," అంది. మళ్లీ ఫోనులోకి వంగింది.

"తల్లీ, ఆ బాక్సే మాకొకటి ఇయ్యి."

అవతల కీబోర్డు టకటకలాడింది. అమ్మాయి మా వివరాలన్నీ సరిచూసుకుంది.

"క్షమించాలి మేడం. ఆ సదుపాయం కస్టమర్లకు లేదు."