మూట విప్పుట: లింకుల విషయమై తీసుకొన్న జాగ్రత్తలు

మానవజాతి మూట కట్టడం ఏనాడో నేర్చుకుంది. విప్పడం మాత్రం ఇంకా కమిటీ పరిశీలనలో ఉంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. నర్సుల నమోదు కార్యాలయంవారు పాత కంప్యూటర్లోని రికార్డులన్నీ ఒక మూటగా కట్టి, కొత్త కంప్యూటర్లో విప్పడానికి పూనుకున్న శుభదినం నుంచీ మా అక్క ఈ లోకంలో ఉన్నట్టా లేనట్టా అన్నది తేలడం లేదు. (రెండూ యూనిక్స్ అనే ఒకే పద్ధతి మీద నడిచే యంత్రాలే. వాటి తప్పేమీ లేదు. అవి చెప్పిన పని చెప్పినట్టు చేస్తాయి, చిక్కంతా అక్కడే.)

అక్క నర్సు. పిల్లలు చిన్నవాళ్ళని కొన్నేళ్ళు ఉద్యోగం మానేసి, ఇప్పుడు పెద్దాసుపత్రి పిల్లల వార్డులో పోస్టు సంపాదించింది. శుక్రవారంలోగా నమోదు పత్రం చూపిస్తే చేరవచ్చు, లేకపోతే వరసలో తర్వాతి ఆవిడ చేరుతుంది. చదువుకునే రోజుల్లో అక్క పుట్టింటి పేరుతో నమోదైంది. పెళ్ళయ్యాక అత్తింటి పేరుకు మార్చమని అర్జీ పెట్టుకుంటే, కార్యాలయంవారు రికార్డు జోలికి పోకుండా కొత్త పేరుతో ఒక లింకు పెట్టి చేతులు దులుపుకున్నారు. లింకంటే రికార్డు కాదు, అసలు రికార్డు ఎక్కడుందో చెప్పే చీటీ. 'ఈవిడ కావలెనన్న పాత పేర్ల విభాగంలో ఫలానా ఆవిడను చూడుడు' అని. ఇన్నేళ్ళూ అక్క ఆ చీటీ మీదే నర్సుగా చలామణీ అయింది.

అయితే ఈమధ్య పక్క కార్యాలయంలో ఒక ఘోరం జరిగింది. ఎవరో ఆకతాయి పంపిన మూటలో మొదటి వస్తువు ఒక లింకు: 'ఇకమీదట చెత్తబుట్ట అనగా డైరెక్టరుగారి బీరువా' అని. రెండోది 'సెలవులు' అన్న పేరుతో ఒక పనికిమాలిన ఫైలు: 'నన్ను చెత్తబుట్టలో వేయవలెను' అని. యంత్రం వినయంగా వేసింది. దాంతో బీరువాలో అదే పేరున్న అక్కడి డైరెక్టరుగారి సెలవుల ఫైలు చెరిగిపోయి, ఆ ఏడాదంతా ఆయన ఆఫీసుకు రావలసి వచ్చింది. ఇటువంటి విషాదం పగవారికి కూడా వద్దని మన నమోదు కార్యాలయం వెంటనే ఒక లింకుల నిఘా అధికారిని నియమించింది.

ఆయన ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టే రకం. వచ్చీ రాగానే నిబంధన ఇచ్చారు: తన విభాగం దాటి బయటికి చూసే ప్రతి లింకూ అనుమానితమే. దాన్ని పక్కన నిలబెట్టి, దాని స్థానంలో అదే పేరుతో ఒక ఖాళీ ఫైలు ఉంచాలి. దాన్ని ఎవరూ తెరవరాదు, చదవరాదు, రాయరాదు. మూట మొత్తం విప్పాక, విచారణ జరిపి, లింకును తిరిగి దాని చోట కూర్చోబెట్టాలి. బస్సు సీటు మీద రుమాలు వేసినట్టన్న మాట. (ఆలోచన మంచిదే. యంత్రానికి వదిలేస్తే రెప్పపాటులో ముగించేది. కార్యాలయం దాన్ని ఒక శాఖగా అభివృద్ధి చేసింది.)

అక్కతో పాటు నేనూ వెళ్ళాను.

"మీ రికార్డు ఉందమ్మా" అన్నాడు కౌంటర్లో గుమాస్తా, తెర చూస్తూ.

"హమ్మయ్య! ఒక కాపీ ఇవ్వండి."

"ఉంది గానీ అందులో ఏమీ లేదు. ఉన్నా తెరవడానికి ఎవరికీ అనుమతి లేదు."

"మరి ఉందంటారేం?"

"పేరుంది కదమ్మా."

పాత పేర్ల విభాగంలో చూడమని అక్క బతిమాలింది. అతను చూశాడు. అక్కడ అన్నీ ఉన్నాయి: చదువు, మార్కులు, ఫోటో. ఫోటోలో రెండు జడలతో, భయం భయంగా మా అక్క.

"అది నేనేనండీ."

గుమాస్తా ఫోటోనూ అక్కనూ మార్చి మార్చి చూశాడు. "మీరేనమ్మా. నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ ముక్క చెప్పాల్సింది నేను కాదు, లింకు."

మంచివాడే. లింకుల అధికారి గది ఎటో కుర్చీలోంచి లేచి మరీ చూపించాడు.

"మీ లింకు బయటికి చూస్తోందమ్మా" అన్నారు అధికారి, ఇరుగుపొరుగు పిల్ల గురించి చెప్పినట్టు.

"బయటికంటే పక్కనున్న విభాగమే కదండీ!"

"ఇవాళ పక్క విభాగమంటుంది. రేపు డైరెక్టరుగారి బీరువా అంటుంది. దాన్ని నమ్మేదెలా?"

"పోనీ, విచారణ ఎప్పుడు చేస్తారు?"

"దానికో పద్ధతుంది. ఆ పద్ధతి రాసిన ఫైలు కూడా లింకేనమ్మా. దాన్నీ ఆపాను. నా దగ్గర తరతమ భేదాల్లేవు."

"వార్డులో పిల్లాడికి ఒళ్ళు కాలిపోతుంటే సూదెవరు వేస్తారండీ, మీ ఖాళీ ఫైలా?"

"అడగడంలో తప్పు లేదు. రాతపూర్వకంగా అడగండి."

నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోతుంటే అక్క నా చెయ్యి నొక్కింది. "నువ్వూరుకోరా. ఈయనకి కోపమొస్తే నీ మీద కూడా రుమాలు వేస్తాడు" అంది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను ఎండ ఎక్కువగా ఉందన్నాను.

శుక్రవారం వచ్చింది, పోయింది. తర్వాతి ఆవిడ ఉద్యోగంలో చేరింది. (ఆవిడకింకా పెళ్ళి కాలేదు. కనుక లింకు లేదు.)

తర్వాత కార్యాలయానికి తనిఖీ వస్తోందని తెలిసింది. ఎవరూ తెరవని ఖాళీ ఫైళ్ళు ఇన్నెందుకున్నాయని తనిఖీవారు అడుగుతారేమోనని, పరిశుభ్రతా విభాగం వాటన్నిటినీ తుడిచేసింది. తిరిగి కూర్చోబెట్టడానికి చోటు లేకపోవడంతో, ఆపి ఉంచిన లింకులను కూడా గౌరవపూర్వకంగా తొలగించారు. ఆనాటితో మూట విప్పడం పూర్తయింది. నమోదు కార్యాలయం డైరెక్టరుగారు లింకుల అధికారికి శాలువా కప్పారు.

మేము వెళ్ళేసరికి గోడకు ప్రకటన అంటించి ఉంది. 'మూట విప్పుట సంపూర్ణము. పోయిన రికార్డులు: లేవు. దొర్లిన తప్పులు: లేవు.'

అక్క దాన్ని రెండుసార్లు చదివింది.

"అయితే నేను తప్పుల్లో కూడా లేనన్నమాట" అంది.