శిఖరం గది తెరలు

ఆ రోజు పెద్దకోడలి పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా బడికి వెళ్ళి తెరలు తగిలించాలి, పదింటికల్లా ఇంటికొచ్చి మిగిలిపోయిన చొక్కాలకు గుండీలు కుట్టాలి. ఇంతే. ఇంతకన్నా పెద్ద పథకాలు వేసుకునే అలవాటు ఆమెకు లేదు. కుట్టుమిషను ముందు కూర్చునేవాళ్ళకు అంత తీరిక ఎక్కడిది?

తెరలు రెండు రకాలు. మేడమీది గదికి బంగారు రంగువి, వాటి పైఅంచున ఎర్రదారంతో ‘శిఖరం’ అని పెద్ద అక్షరాలు. కింది గదికి గోధుమరంగువి, అక్షరాలూ గిక్షరాలూ ఏమీ లేవు. శిఖరం అంటే తెలివైన పిల్లల కోసం బళ్ళో కొత్తగా పెట్టిన తరగతి. ఒక్క పరీక్ష పెట్టి పన్నెండు మందిని ఏరి మేడెక్కించారు. వాళ్ళకు వేరే మెట్లు, వేరే గంట, వేరే నీళ్ళ కుళాయి. మిగిలిన ముప్పై నాలుగు మందీ కింద ఉండిపోయారు.

ఆ పన్నెండు మందిలో తోటికోడలి కొడుకు చంటి ఉన్నాడు. పెద్దకోడలి కూతురు పిచ్చుక లేదు. ఇద్దరికీ ఎనిమిదేళ్ళు. తేడా మూడే మూడు మార్కులు. ఆ మూడు మార్కులూ నెల రోజులుగా పెద్దకోడలి గొంతులో చేపముల్లులా అడ్డంపడి ఉన్నాయి, మింగుడుపడవు, బయటికి రావు. ఆమె చెడ్డమనిషేం కాదు. ఎవరింట్లో కష్టం వచ్చినా అందరికన్నా ముందు పరిగెత్తుతుంది. సుఖం వచ్చిందంటేనే కాళ్ళు రావు.

తెరలు దాదాపు అయిపోయాయి. పొడవు కత్తిరించి అంచు మడవడమే మిగిలింది. మేడమీది కిటికీలు ఆరడుగులు, కిందివి నాలుగు. ఏ బట్టకు ఆ కొలత చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చిపెట్టడం ఆమె పద్ధతి. కత్తెర చేతిలోకి తీసుకుందో లేదో, మేడమీది వాటాలోంచి తోటికోడలు దిగివచ్చింది.

“అక్కా, సూదీదారం ఉందా? చంటి చొక్కా గుండీ ఊడింది. బుర్ర ఎక్కువ పనిచేసే పిల్లలు గుండీలు కొరుకుతారట, వాళ్ళ మేడమ్ చెప్పింది.”

“మా పిచ్చుకా కొరుకుతుంది,” అంది పెద్దకోడలు.

“అది వేరక్కా. అది ఆకలికి కొరుకుతుంది.”

పెద్దకోడలు బంగారు తెరకున్న గుండుసూది పీకింది.

“ఇవాళ ట్రస్టు పెద్దాయన వస్తున్నాడట తెలుసా? ఊరికే కాదు, శిఖరం పిల్లల్ని చూడ్డానికే. మావాడి చేత పంతొమ్మిదో ఎక్కం చెప్పిస్తారట. నీకు తెరలు కుట్టే పని దొరికిందంటే అదీ ఈ పిల్లల పుణ్యమే కదక్కా!”

పెద్దకోడలు గోధుమరంగు తెరకున్న సూది కూడా పీకింది.

“ఇంకోమాట, ఏమీ అనుకోకు. సాయంత్రాలు పిచ్చుకని పైకి పంపకు. కింది తరగతి వాళ్ళతో ఆడితే చంటి వెనకబడతాడట. ఎవరి స్థాయి వాళ్ళకుంటుంది కదా.”

అని దారపుండ తీసుకుని చక్కా పోయింది. పెద్దకోడలి ఒళ్ళు భగ్గుమంది. కింద పడ్డ రెండు చీటీలూ తీసి, చేతికందిన బట్టకు చేతికందిన చీటీ గుచ్చి, పళ్ళు నూరుతూ కత్తెర ఆడించింది. ఆ కత్తిరించేది బట్ట కాదు, తోటికోడలి మాట. మాట తెగలేదు గానీ బట్ట మాత్రం నున్నగా తెగింది.

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న పిచ్చుక అంతా వింది. “అమ్మా, ఇంక చంటి నాతో ఆడడా?”

“ఆడకపోతే పోనీ. నీకేం తక్కువ?”

“చంటే తక్కువ,” అంది పిచ్చుక. పెద్దకోడలికి ఆ మాట మిషను చప్పుడులో వినపడలేదు.

* * *

బళ్ళో మేడమీది గదిలో స్టూలెక్కి మొదటి తెర తగిలించి, దిగి చూసింది. ఆరడుగుల కిటికీకి నాలుగడుగుల బంగారు తెర వేలాడుతోంది, పొడుగాటి మనిషికి తమ్ముడి లాగు తొడిగినట్టు. చీటీలు తారుమారయ్యాయని అప్పుడు తెలిసింది. కిందికి పరిగెత్తి గోధుమరంగువి తీసి చూసింది. అవి ఆరడుగులున్నాయి.

బయట కారు హారన్ మోగింది. హెడ్మిస్ట్రెస్‌గారు పూలగుత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. చెబుదామంటే అక్కడికి పోయే వ్యవధి లేదు. ఇంటికెళ్ళి మళ్ళీ కుట్టుకొచ్చే వ్యవధి అంతకన్నా లేదు. ఇరవై ఏళ్ళుగా కుడుతోంది, కిటికీకి సరిపోని తెర ఎక్కడా తగిలించలేదు. ఏ తెర ఏ కిటికీకి సరిపోతే ఆ కిటికీకే తగిలించేసింది. పిచ్చుక కూర్చునే గదికి ‘శిఖరం’ అన్న అక్షరాలు వేలాడుతుంటే ఒక్క క్షణం నిలబడి చూసుకుంది కూడా. కడుపులో మంట చల్లారలేదు గానీ కాస్త సెగ తగ్గింది.

అప్పుడే ట్రస్టు పెద్దాయన గేటు దాటి లోపలికొచ్చాడు. ఆ బడి నడిచేది ఆయన ట్రస్టు దయవల్ల. ఎప్పుడూ కాగితాల మీద సంతకాలే గానీ బడి ముఖం చూడడం ఆయనకిదే మొదలు. హెడ్మిస్ట్రెస్‌గారు గేటు దగ్గర్నుంచీ ఒకటే పాట పాడుతోంది.

“పది నిమిషాలు మాట్లాడండి చాలు సార్. శిఖరం పిల్లలెవరో, మామూలు పిల్లలెవరో ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. తమలాంటివారికి చెప్పాలా!”

“నాకు రెండు నిమిషాలు చాలు,” అన్నాడాయన. వరండాలోంచి తలెత్తి బంగారు తెరలు చూశాడు. “శిఖరం! ఇదే కదూ?” అంటూ కింది గదిలోకి నడిచాడు. వెనకే వచ్చిన హెడ్మిస్ట్రెస్‌గారికి తెరలు కనిపించాయి. తెరల వెనక స్టూలు మీద ఇరుక్కుపోయిన పెద్దకోడలు కూడా కనిపించింది. ఆవిడ నోరు తెరిచింది గానీ అప్పటికే పెద్దాయన ప్రశ్న వేసేశాడు.

“చెట్టు మీద పది పిట్టలున్నాయి. రాయి పెట్టి ఒకదాన్ని కొట్టారు. ఎన్ని మిగిలాయి?”

పిచ్చుక లేచింది. “ఎందుకు కొట్టారు?”

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “విన్నారా! నలభై ఏళ్ళుగా అడుగుతున్నాను. అందరూ లెక్కే చెప్పారు గానీ ఎందుకు కొట్టావని ఒక్కరూ నన్ను నిలదీయలేదు.” “నువ్వు చెప్పు బాబూ,” అని పక్కవాణ్ణి లేపాడు.

“తెలీదు సార్.”

“ఆహా! తెలియదని ఒప్పుకోవడం ఎంత పెద్ద చదువు చదివినా రాదు.”

చివరి బల్ల మీద ఒక పిల్లవాడు హాయిగా నిద్రపోతున్నాడు. పెద్దాయన వేళ్ళ మీద నడిచి వాడి దగ్గరికి వెళ్ళి చూసి, “ఎంత లోతుగా ఆలోచిస్తున్నాడో! కదపకండి,” అన్నాడు.

“సార్, ఒక్కమాట. వీళ్ళు...” అంది హెడ్మిస్ట్రెస్‌గారు.

“మీరు చెప్పక్కర్లేదమ్మా. మీరన్నట్టే ఇట్టే తెలిసిపోయింది.”

ఆవిడ నోరు మూసుకుంది. ఇప్పుడు నిజం చెబితే పెద్దాయనకు తెలివైన పిల్లలెవరో తెలియలేదని ముఖాన అన్నట్టవుతుంది. ఆ తరవాత బడి గతేమిటి? తెర చాటున పెద్దకోడలు మాత్రం పడిపోకుండా కిటికీ చువ్వ పట్టుకుంది. తన కూతుర్ని ఒకరు మెచ్చుకోగా వినడం నెల రోజుల్లో అదే మొదటిసారి.

మేడమీద గోధుమరంగు తెరల గదిలో పన్నెండు మందీ చేతులు కట్టుకుని నిటారుగా కూర్చున్నారు. అదే ప్రశ్నకు చంటి ఠక్కున లేచి, “తొమ్మిది సార్! కాదు, చప్పుడుకి మిగతావి ఎగిరిపోతాయి కాబట్టి సున్నా సార్!” అని, ఎవరూ అడక్కుండానే పంతొమ్మిదో ఎక్కం అందుకున్నాడు.

“కంగారు పడకు నాయనా,” అని పెద్దాయన వాడి వీపు నిమిరాడు. “ఎందుకు కొట్టారో అడగాలనిపించలేదా నీకు?”

“అది పరీక్షలో రాదు సార్.”

పెద్దాయన నిట్టూర్చాడు. బయటికొచ్చాక గొంతు తగ్గించి, “పాపం, పసివాళ్ళు. బట్టీ పట్టించి పాడుచేశారు. వీళ్ళని సోమవారం నుంచి కింద శిఖరం పిల్లల పక్కన కూర్చోబెట్టండి. ఆ సావాసానికైనా కాస్త తెలివి అబ్బుతుంది,” అన్నాడు. మర్నాటికల్లా ఆ మాటే కాగితం మీద ముద్రతో సహా వచ్చేసింది.

* * *

పై గది తల్లులెవరూ అభ్యంతరం చెప్పలేదు. వాళ్ళకు కావలసింది శిఖరం అన్న పేరు. అది మేడ మీదుంటే మేడెక్కుతారు, కిందుంటే దిగుతారు. తోటికోడలు అందరికన్నా ముందు దిగింది. ఈసారి దారపుండ తిరిగివ్వడానికన్నట్టు వచ్చి గుమ్మంలోనే నిలబడింది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“అక్కా, నీ మంచితనం నాకు తెలుసు. పిచ్చుకతో ఒక్కమాట చెప్పవూ? మా చంటిని పక్కన కూర్చోబెట్టుకోమని.”

ఇలాంటి ఉదయం కోసం పెద్దకోడలు ఎన్ని పూటలు కుమిలిందో ఆ మిషనుకే తెలుసు. జాలిపడాలి. పడదామనే అనుకుంది. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

“ఏమీ అనుకోకు చెల్లీ. పిచ్చుక వెనకబడుతుందేమోనని నా భయం. ఎవరి స్థాయి వాళ్ళకుంటుంది కదా.”

తోటికోడలి ముఖం మాడిపోయింది. ఆ ముఖం చూస్తుంటే పెద్దకోడలికి ఎంత సుఖంగా ఉందంటే, అది ఎక్కడ చేజారిపోతుందోనని అప్పుడే బెంగ పట్టుకుంది. సోమవారం పిల్లలు కలిసిపోతే ఇంక తేడా ఏముంటుంది? మళ్ళీ అందరూ ఒకటే అయిపోరూ? నెల రోజులుగా పిల్లల్ని వేరుచేయడం అన్యాయమని వీధివీధినా చెప్పుకు తిరిగిన మనిషి, ఆ క్షణంలో పిల్లల్ని కలపడం ఘోరమని గ్రహించింది.

వెంటనే బడికి పరుగుతీసింది. హెడ్మిస్ట్రెస్‌గారు ఆమె తెరల సంగతి ఇంకా మరిచిపోలేదు గానీ, అభ్యంతరం అన్నమాట వినగానే ముఖం విప్పారింది.

“కింది గది తల్లులు వద్దంటే సరి. అర్జీ రెండు ప్రతులు రాసి సంతకాలు చేయించండి. పెద్దాయన దాన్ని కాదనలేడు. నేనే పంపిస్తాను.” పిల్లలు వేరుగా ఉంటే చాలు, ఏ గదికి ఏ పేరన్నది తరవాత సర్దుకోవచ్చని ఆవిడ లెక్క.

ఇంటికొచ్చి పెద్దకోడలు మిషను తొక్కుతూ, పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని అర్జీ చెప్పింది. ఇంట్లో అంత మేధావి ఉండగా తను కలం పట్టడమేమిటి?

“రాయి. పై గది పిల్లల్ని మా పిల్లలతో కలపొద్దు. కలిపితే మా పిల్లల తెలివి తగ్గిపోతుంది. రాశావా?”

పిచ్చుక కాసేపు పెన్ను కొరికింది. “మా అందరి తెలివీ తగ్గిపోతుందా అమ్మా?”

“నీదే ముందు తగ్గుతుంది. రాయి.”

పిచ్చుక తల వంచుకుని చాలాసేపు రాసింది. రెండు ప్రతులు రాసింది. మధ్యలో ఒకసారి మేడమెట్ల వైపు చూసింది. పెద్దకోడలు చివర్న సంతకం చేసింది. చదివి చూద్దామనిపించింది గానీ, పెద్దాయనంతటివాడే మెచ్చిన పిల్ల రాతలో తప్పులు వెతకడం అపచారమనిపించి మానేసింది. గేటు దగ్గర మిగతా తల్లులూ అంతే. “పిచ్చుక రాసిందా? ఇంక చూసేదేముంది!” అంటూ మిగిలిన ముప్పై మూడు సంతకాలూ పదిహేను నిమిషాల్లో పడిపోయాయి. హెడ్మిస్ట్రెస్‌గారు ఆలస్యం చేస్తుందేమోనని పెద్దకోడలు ఒక ప్రతిని ముందు ట్రస్టు ఆఫీసులో ఇచ్చి, రెండోది పట్టుకుని బడికొచ్చింది.

హెడ్మిస్ట్రెస్‌గారు ఆశగా విప్పి చదివింది. అందులో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది:

‘అయ్యా, పై గది పిల్లలు, మా పిల్లలు ఒకే గదిలో కూర్చోవాలి. ఒకే గంటకి ఆడుకోవాలి. చంటి పిచ్చుక పక్కన కూర్చోవాలి. రేపు మా మనసు మారి వద్దని చెప్పినా మీరు వినొద్దు. ఇట్లు, అమ్మలు.’

ఆవిడ రెండుసార్లు చదివింది. “ఇంకో ప్రతి ఏదీ?”

“ట్రస్టు ఆఫీసులో ఇచ్చేశాను మేడమ్. పెద్దాయనే స్వయంగా తీసుకుని చదివారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.”

హెడ్మిస్ట్రెస్‌గారు కాగితం మడిచి సొరుగులో పెట్టింది. “మీ అమ్మాయి నిజంగానే తెలివైందమ్మా,” అంది చివరికి, నీరసంగా.

పెద్దకోడలు ఆ మాటను ఇంటిదాకా జాగ్రత్తగా మోసుకొచ్చి, మెట్లెక్కి మరీ తోటికోడలికి చెప్పింది. అర్జీలో ఏముందో ఇద్దరికీ సోమవారం తెలిసింది.