బాబాయి బస్సుకు కొత్త ఇంజను

మానవజాతి ఎంత ముందుకు వెళ్లిందో కొలవడానికి ఇప్పుడు ఒకటే కొలబద్ద మిగిలింది: కంప్యూటర్ తెరమీద వాన ఎంత నిజంగా కురుస్తోంది అన్నది. (బయట కురిసే వాన నాణ్యతకు ఎవరూ బాధ్యులు కారు.)

మా బాబాయి ముప్పై రెండేళ్లు సిటీ బస్సు నడిపి, మోకాలు మొరాయించడంతో రిటైరయ్యారు. ఆనాటి నుంచి ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని బస్సు నడిపే ఆట ఆడుతున్నారు. ఆట అంటే ఆయన ఒప్పుకోరు, అది డ్యూటీ. బాబాయితో కలిపి పాత డిపో డ్రైవర్లు ఎనిమిదిమంది, ఎవరింట్లో వాళ్లు కూర్చుని, రోజూ ఉదయం పదింటికి ఎనిమిది బస్సులు తీస్తారు. అప్పటి డిపో కంట్రోలరే ఇప్పటికీ కంట్రోలర్. వరసగా మూడు రోజులు ఆలస్యమైతే రూటు ఇంకొకరికి పోతుంది. ఆ నిబంధన రాసింది మా బాబాయే. (ఎన్నడూ ఆలస్యం చేయనివాళ్లే ఇలాంటివి రాస్తారు.)

ఇలా ఉండగా, ఆటకు కొత్త ఇంజను బిగిస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. మంచిదే, పాతది ఎత్తు లాగడం లేదన్నారు బాబాయి. ఇది ఆ ఇంజను కాదని, తెరమీద లోకాన్ని పుట్టించే ప్రోగ్రామని నేను వివరించాను. ఇకమీదట ప్రతి చినుకుకూ విడిగా మెరుపు, ప్రతి ప్రయాణికుడికీ సొంత నీడ ఉంటాయి. కాలరు కుట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. దర్జీ పని చేసే మా పిన్ని ఆ కుట్లు చూసి, కాలరు తిరగేసి వేశారని తేల్చింది.

కంపెనీవారి అర్హతా పరిశీలన విభాగం మా కంప్యూటర్‌ను నలభై నిమిషాలు తడిమి చూసి 'సానుభూతి' శ్రేణి కేటాయించింది. దానిపైన 'కనీసం', ఆపైన 'సిఫారసు' శ్రేణులున్నాయి. (సిఫారసు లేనిదే పని జరగదని మనకు కొత్తగా చెప్పాలా.)

మొదటి రోజు బాబాయి బస్సు పెళ్లి ఆల్బంలా ఒక్కో ఫొటోగా కదిలింది. గంటన్నర ఆలస్యం. ఆ మధ్యాహ్నమే మెకానిక్ వచ్చి, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ముసలిదైందని నాడి పట్టి చెప్పాడు. కొత్త కార్డు ఇటుకంత ఉంది. కంప్యూటర్ పెట్టె మూత పట్టలేదు కాబట్టి మూత తీసేశారు. కార్డు బరువుకు వాలిపోతుంటే కింద పిన్ని దారపు రీలు ఆనించారు. అప్పుడు తెలిసింది, అసలు ఏం గీయాలో కార్డుకు చెప్పవలసిన ప్రాసెసర్ పరుగు అందుకోలేకపోతోందని.

"వంటవాడు దొరికాడు సార్. కూరలు తరిగేవాడే లేడు" అన్నాడు మెకానిక్.

పైగా వేడి. పిన్ని కుట్టుమిషను దగ్గరి టేబుల్ ఫ్యాను బదిలీ మీద పెట్టె ముందుకు వెళ్లింది. పిన్ని మౌనంగా ఉంది. (మౌనం అర్ధాంగీకారం అన్నవాడు మా పిన్నిని చూడలేదు.)

ప్రాసెసర్ కొరత కప్పిపుచ్చడానికి మెకానిక్ ఒక ఏర్పాటు చేశాడు. ఇకనుంచి కార్డు ఒక బొమ్మ నిజంగా గీసి, మూడు ఊహించుకుంటుంది. రెండో రోజు బస్సు నూనె రాసినట్టు సాగింది. నాలుగో స్టాపు దగ్గర ఒక ముసలావిడ అడ్డొస్తే బాబాయి బ్రేకు తొక్కారు. వెనక బస్సులు వచ్చి గుద్దుకున్నాయి. ముసలావిడ మాత్రం లేదు. ఆ రోజూ ఆలస్యమే. బాబాయి కంపెనీకి రాసిన ఫిర్యాదుకు సాయంత్రంలోగా జవాబు వచ్చింది: "సదరు వృద్ధురాలు వాస్తవం కాకపోయినా, వచ్చే అవకాశం గలవారే. ఇట్లు, ఊహాచిత్రాల ఉపపర్యవేక్షకుడు."

మూడో రోజు బాబాయి టిఫిన్ ముట్టలేదు. పాత యూనిఫాం చొక్కా వేసుకుని, కళ్లజోడు నాలుగుసార్లు తుడిచారు. రూటు పోతే పోయిందిలే అని ఆయన అనడం ఇన్నేళ్లలో మొదటిసారి. పిన్ని చేతిలోని కత్తెర పక్కన పెట్టి వచ్చింది.

"గుడ్డ చాలకపోతే కుచ్చిళ్లు తీసేస్తాం. మనిషిని కోస్తామా?" అంది.

సెట్టింగుల పేజీ తెరిపించి, కొలతలు చదివినట్టు పైనుంచి చదివింది. నీడలు వద్దంది, తీసేశారు. చినుకులు పోయాయి. చెట్లు, మేడలు, ఆకాశంలో మబ్బులు పోయాయి. బస్సు ఇంకా నత్తికొడుతూనే ఉంది. ఆఖరున 'జనం' అనే మీట మిగిలింది.

"ప్రయాణికులు లేని బస్సేంటే?" అన్నారు బాబాయి.

"ముందు రూటు నిలబెట్టుకోండి. జనం ఎక్కడికి పోతారు?"

ఆయన కళ్లు మూసుకుని మీట నొక్కారు.

ఖాళీ రోడ్డు మీద బస్సు వెన్నలా పోయింది. అయినా బాబాయి ప్రతి స్టాపులో ఆపారు. తలుపు తెరిచి, పదిదాకా లెక్కపెట్టి, అద్దంలోకి చూసి, అప్పుడు మూశారు. ఎవరి కోసమని పిన్ని అడిగితే, స్టాపు స్టాపేనన్నారు. నిమిషం తేడా లేకుండా చివరి స్టాపు చేరారు. మిగతా ఏడు బస్సులు ఇంకా వానలోనే ఉన్నాయి. రూటు నీదేరా అని కంట్రోలర్ ఫోన్ చేస్తే, బాబాయి ఫోన్ పట్టుకుని చాలాసేపు నవ్వారు. ఆ పూట అన్నం మూడుసార్లు వడ్డించుకున్నారు.

వారం తర్వాత కంపెనీ నుంచి ప్రశంసాపత్రం వచ్చింది: ఆలస్యం లేదు, రద్దీ లేదు, ఫిర్యాదు లేదు. ఈ పద్ధతిని నిజం బస్సులకూ వర్తింపజేయమని రవాణా శాఖకు రాశారట. తమ దగ్గర ప్రయాణికులను తగ్గించే పని ఎప్పుడో పూర్తయిందనీ, ప్రస్తుతం బస్సులను తీసేస్తున్నామనీ శాఖ జవాబిచ్చింది.