పిన్ని దుప్పటి, దేశం జెండా

మన జెండా కుట్టిందెవరో ఎవరికీ తెలియకపోవడం మన అదృష్టం! తెలిస్తే ఏముంది చెప్పండి? ఒక పేరు, ఒక ఫోటో, అంతటితో సరి. తెలియదు కాబట్టే ఇన్ని కమిటీలు, ఇన్ని సెమినార్లు, ఇంతమంది ప్రొఫెసర్లకు చేతినిండా పని.

మన నీలం, తెలుపు జెండా మీది ఆ ఎర్ర చుక్క సంగతే చూడండి. తెల్లగుడ్డకు నడిమధ్యన ఉండక ఎడమకు జరిగిందెందుకు? ప్రజల గుండె ఎడమవైపే ఉంటుంది కాబట్టి అంటాడు ఒక మేధావి. అది సూర్యుడు, ఇంకా నడినెత్తికి రాలేదంటాడు మరొకాయన. వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఇద్దరికీ అవార్డులు మాత్రం ఉన్నాయి.

ఈ గొడవలేవీ పట్టని మనిషి మా పిన్ని. దేశం కొత్తగా ఏర్పడిన రోజుల్లో వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకుని బతికేది. ఒక ఉదయం నాయకులు పరుగున వచ్చి, మధ్యాహ్నం సభకు జెండా కావాలి, ఎలా ఉన్నా ఫర్వాలేదన్నారు. పిన్ని కిటికీ కర్టెన్ కోసి నీలం, పరుపు మీది దుప్పటి కోసి తెలుపు తీసింది. ఆ కంగారులో ఇస్త్రీపెట్టె గుడ్డ మీదే మరిచిపోయింది. తెలుపుకు ఎడమపక్కన గుండ్రంగా మాడింది. ఆ మచ్చ మీద బాబాయి ఎర్రచొక్కా ముక్క వేసి కుట్టేసింది. పాపం బాబాయి ఆ రోజంతా చొక్కా వెతుక్కుంటూనే ఉన్నాడు.

జెండా రూపశిల్పిగా ఇప్పుడు కూడలిలో విగ్రహమై నిలబడ్డ సెక్రటరీగారు ఆనాడు ఆ నాయకుల వెంట వచ్చి గుమ్మంలో నిలబడి, త్వరగా కానివ్వమన్నారు. నాయకత్వమంటే అదే కదా!

పిన్నికి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు. కుట్టింది తనేనని పోయేలోగా ఎవరైనా ఒక్కసారి ఒప్పుకుంటే చాలని ఆవిడ ఆశ. జెండా కమిటీ ఆఫీసుకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఛైర్మన్‌గారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి మరీ బెదిరించారు. జెండాలో మాడిన గుడ్డ ఉందంటే అది జాతికే అవమానమని, కేసు పెడితే జైలేనని చెప్పారు.

పిన్ని కుర్చీ ముందుకు జరుపుకుంది.

"కేసులో ఏమని రాస్తారు బాబూ?"

"ఈ జెండా నేనే కుట్టానని మీరు చెప్పుకుంటున్నారని రాస్తాం."

"నా పేరు కూడా రాస్తారా?"

"పేరు లేకుండా కేసెలా పెడతామండీ?"

"అయితే పెట్టండి."

ఛైర్మన్‌గారు తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు.

పాఠకులారా, ఇది న్యాయమేనా? జాతీయ చిహ్నాన్ని అంతమాట అన్న మనిషిని ఊరికే వదిలేస్తారా? అప్పటినుంచి పిన్ని ఉతికిన బట్టలు కట్టుకుని, వాకిట్లో కుర్చీ వేసుకుని పోలీసుల కోసం ఎదురుచూస్తోంది. వాళ్లను కాస్త త్వరగా పంపించమని ప్రభుత్వాన్ని వేడుకుంటున్నాను. ఆవిడకు ఎక్కువ టైం లేదు.