అయొడిన్ వద్దనే హక్కు

ఒక నాగరికత ఎంత గొప్పదో తేల్చాలంటే అది తన పౌరుల మెడలను ఎంత పట్టించుకుంటుందో చూడాలి. ఈ కొలతతో చూస్తే పోలండ్ మొత్తంలో మా సోల్నిత్సా పట్టణాన్ని మించినది లేదు. మా మేయర్ లుద్విక్ గారు కుర్చీ ఎక్కిన ఏడాదే ఊరి నడిబొడ్డున ఉప్పునీటి గోడ కట్టించారు. రెండంతస్తుల ఎత్తు చెక్క చట్రం, దాన్నిండా కుక్కిన ముళ్ళకంప, ఆ కంప మీదుగా పొద్దస్తమానం కారే ఉప్పునీరు, చుట్టూ బెంచీలు. అక్కడ కూర్చుని గాలి పీలిస్తే అయొడిన్ దానంతటదే ఒంట్లోకి పోతుందనీ, ఇక సముద్రంతో మనకు పని లేదనీ ప్రారంభోత్సవం నాడు ఆయన సెలవిచ్చారు. (పక్క ఊళ్ళోనూ ఇలాంటి గోడ ఉంది. అది మా గోడ కంటే పొట్టిది. ఈ సంగతి చెప్పకుండా మేయర్ గారు ఇంతవరకూ ఏ ఉపన్యాసమూ ముగించలేదు.)

అంత గోడ కట్టాక బెంచీలు ఖాళీగా ఉంటే బాగుండదు కదా. అందుకని పురపాలక సంఘం 'పౌరుల అయొడిన్ హక్కుల నియమావళి' ఆమోదించింది. మొదటి నియమం ప్రకారం ప్రతి పౌరుడికీ అయొడిన్ పొందే హక్కు ఉంది. రెండో నియమం ప్రకారం ఆ హక్కును వదులుకునే హక్కు ఎవరికీ లేదు. పురపాలక ఉద్యోగులందరూ బుధవారం మధ్యాహ్నాలు గోడ దగ్గర కూర్చుని తమ హక్కును అనుభవించి తీరాలి. అనుభవించనివాళ్ళు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

నేను అదే కార్యాలయంలో శ్మశానాల విభాగం గుమస్తాను. పేరు బొగుమీవా విల్చెక్. ఊళ్ళో అందరూ బొగుషా అంటారు. నాకు వచ్చిన చిక్కల్లా హషిమోతో జబ్బు. అంటే నా ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్ళే నా మెడలోని థైరాయిడ్ గ్రంథిని దొంగ అనుకుని చితకబాదుతున్నారు. ఇలాంటివాళ్ళకు అదనపు అయొడిన్ ఇస్తే ఆ కాపలావాళ్ళ చేతికి కొత్త కర్రలు ఇచ్చినట్టే.

ఇది నా సొంత కవిత్వం కాదు, మా ఇంటి డాక్టరమ్మ కోర్దులా గారి మాట.

"ఉప్పులో ఉన్నది నీకు చాలమ్మా బొగుషా. ఆపైన చుక్కలొద్దు, మాత్రలొద్దు, సముద్రపు నాచు అసలే వద్దు. ఆ గోడ దగ్గరకు కూడా పోకు" అంది.

"ఆ ముక్కే ఒక కాగితం మీద రాసిచ్చి పుణ్యం కట్టుకోండి."

"రాసిస్తాను గానీ చెల్లదే! అయొడిన్ వద్దని చెప్పడానికి గ్రంథుల నిపుణుడి ముద్ర ఉండాలట. తీసుకోమని చెప్పడానికైతే ఎవరైనా చాలు."

ఆ 'ఎవరైనా' పేరు గెనొవెఫా. మా బాబాయి భార్య. నాకు పిన్ని, ఊరికి మాజీ బడి నర్సమ్మ. పంతొమ్మిది వందల ఎనభై ఆరు వసంతంలో తూర్పున అణు రియాక్టర్ పేలి, ఆ విషపు మేఘం మా నెత్తి మీదకు వచ్చినప్పుడు, పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, గోధుమరంగు అయొడిన్ మందు ఒక్కొక్కరి గొంతులో పోసింది ఆవిడే. కక్కినవాడికి మళ్ళీ పోసింది. పారిపోయినవాణ్ణి కాలరు పట్టుకుని తెచ్చి పోసింది. నేనూ ముక్కు మూసుకుని తాగాను. తుప్పుపట్టిన మేకు నాకినట్టుంది. ఆ రోజు పిన్ని చేసింది నిజంగా మంచి పనే, అందులో అనుమానం లేదు. కాకపోతే ఆ రోజు మమ్మల్ని కాపాడటం మొదలుపెట్టిన మనిషి ఇంతవరకూ ఆపలేదు.

ఇప్పుడు పిన్నికి ఎనభై దాటాయి. నడివేసవిలో కూడా రెండు ఉన్ని స్వెట్టర్లు వేసుకుంటుంది. రోజూ గోడ దగ్గర బెంచీ మీద కూర్చుని మెడ వాల్చి కునుకు తీస్తుంది. గొంతు జీరబోయి మగవాళ్ళ గొంతులా అయింది. ఎందుకిలా అని అడిగితే "అయొడిన్ పట్టడమంటే అంతేనే" అంటుంది.

"ఏమే బొగుషా, మొహం అట్లా ఉబ్బిందేం? నీకు అయొడిన్ తక్కువైంది."

"పిన్నీ, నాకు అయొడిన్ పడదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"పడకపోవడమేంటే! రేపు గాలి కూడా పడదంటావు. ముందా సూప్ తాగు."

"సూప్ గోధుమరంగులో ఉందేం?"

"బీట్‌రూట్ వేశాను."

"ఇది పులిసిన పిండి సూప్ కదా పిన్నీ. ఇందులో బీట్‌రూట్ ఎవరు వేస్తారు?"

"తాగుతావా, ముక్కు మూసి పొయ్యమంటావా?"

ఇక్కడివరకూ నవ్వుకోవచ్చు. కానీ నా బుర్ర మొద్దుబారిపోతోంది. పొద్దున్నే లేచి కోటు గుండీలు పెట్టుకునేసరికే ఒంట్లో శక్తంతా అయిపోతోంది. మనుషుల పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. ఓ రోజు శ్మశానం పటం మీద తలపెట్టి నిద్రపోయాను. ఆ మత్తులోనే ఒకే స్థలాన్ని ఇద్దరు స్వర్గస్థులకు కేటాయించాను. రెండు కుటుంబాలూ రెండు పూలదండలతో, ఇద్దరు ఫాదర్లతో ఒకే గుంత దగ్గర ఎదురుపడ్డాయి. (ఎవరు ముందు చనిపోయారో వాళ్ళదే స్థలమని ఒక పక్షం, ఎవరు ముందు వచ్చారో వాళ్ళదని ఇంకో పక్షం వాదించుకున్నాయి. చనిపోయినవాళ్ళు మాత్రం హుందాగా ప్రవర్తించారు.) ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఊడుతుందని పై అధికారి మొహం మీదే చెప్పేశాడు. నాకు భయం వేసింది. నిజంగా వేసింది. శ్మశానాల పని తప్ప నాకు ఇంకే పనీ రాదు.

అందుకని నిపుణుడి ముద్ర కోసం బయల్దేరాను. మా ఊరికి గ్రంథుల నిపుణుడు డాక్టర్ ఒస్త్రోవిచ్ నెలకోసారి, మంగళవారం పూట, పట్నం నుంచి బస్సులో వస్తాడు. మళ్ళీ మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోతాడు. ఆరోగ్య కేంద్రం కౌంటర్లో కూర్చునే జానెతా గారు నా రక్తపరీక్ష చూసి, "మీది నిలకడ వరస" అంది. వరసలు రెండు. జబ్బు కుదురుగా ఉన్నవాళ్ళది నిలకడ వరస, ముదిరినవాళ్ళది అత్యవసర వరస.

"మరి ఎక్కడ కూర్చోమంటారు?"

"వసారాకి మరమ్మతులు చేస్తున్నారండీ. ఎదురుగా బెంచీలున్నాయిగా, అక్కడ కూర్చోండి. మైకులో పిలుస్తాను."

ఎదురుగా ఉన్నవి ఉప్పునీటి గోడ బెంచీలు. అంటే అయొడిన్ వద్దని రాయించుకోవడానికి వచ్చినవాళ్ళం అయొడిన్ తుంపరలో కూర్చుని ఎదురుచూడాలి.

"జానెతా గారూ, మాకు పడనిదే అది కదండీ!"

"పడదని ముద్ర తెచ్చుకోండి, లోపల కుర్చీ వేయిస్తాను."

మా దేశంలో వరస అంటే నంబర్లుండవు, బోర్డులుండవు. వచ్చినవాడు "ఆఖరు ఎవరు?" అని అడుగుతాడు. ఆఖరున ఉన్నవాడు చెయ్యెత్తుతాడు. అంతే, తన ముందున్న మొహాన్ని గుర్తుపెట్టుకుని కూర్చుంటాడు. ఈ దేశంలో సరిహద్దులు జరిగాయి గానీ వరస ఎన్నడూ జరగలేదు. దాన్ని దాటగల మంత్రం ఒక్కటే ఉంది: "ఒక్క మాట అడగడానికే వచ్చాను." ఈ మాట అన్నవాణ్ణి ఎవరూ ఆపలేరు. పళ్ళు కొరుక్కుంటూ దారి ఇస్తారు. ఎందుకంటే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అలా ఒక్క మాట అడిగినవాడే.

మొదటి మంగళవారం నా వంతు రాకముందే డాక్టర్ గారి బస్సు వచ్చేసింది. తర్వాతి నెలకు రక్తపరీక్ష పాతబడింది. కొత్తది చేయించాను. బెంచీ మహిమవల్లనైతేనేం, పిన్ని సూప్ మహిమవల్లనైతేనేం, అంకెలు పాడయ్యాయి. జానెతా గారి మొహం విప్పారింది.

"అభినందనలండీ! మీరు అత్యవసర వరసలోకి వచ్చేశారు."

"హమ్మయ్య. అయితే తొందరగా అవుతుందా?"

"అబ్బే, అదే పొడుగు వరస."

నమ్మలేక బెంచీ దగ్గరకెళ్ళి పక్కనున్న మీసాలాయన్ని అడిగాను, "మీరు నిలకడా, అత్యవసరమా?" అని.

"వచ్చినప్పుడు నిలకడేనమ్మా," అన్నాడాయన బొంగురు గొంతుతో. "కూర్చుని కూర్చుని అత్యవసరం అయ్యాను. ఇక్కడున్నవాళ్ళందరం అంతే. నిలకడ వరసలో ఇప్పుడు ఎవరూ లేరు."

మర్నాడు మేయర్ గారు పత్రికలో ప్రకటన ఇచ్చారు. తమ పాలనలో నిలకడ వరస పూర్తిగా నిర్మూలించబడిందని. అదే ఊపులో గోడ దగ్గర పింఛనుదారులకు ఉచిత రక్తపరీక్షల దినం కూడా జరిపించారు. (ఫలితాలను కవర్లలో పెట్టి అంటించి ఇచ్చారు. విప్పి చదవగల డాక్టర్ కోసం వరసలో నిలబడాలి.) మా పిన్ని కూడా రక్తం ఇచ్చి, కవరు తెచ్చుకుని, విప్పకుండా చేతిసంచిలో పడేసింది. ఆ సంచిలో కళ్ళజోళ్ళు, జపమాల, నాచు మాత్రలు, అయొడిన్ చుక్కల సీసాలు, ఊరగాయ దోసకాయల డబ్బా ఎప్పుడూ ఉంటాయి.

చివరికి నా మంగళవారం వచ్చింది. నా ముందు మీసాలాయన ఒక్కడే ఉన్నాడు. చేతులు చల్లబడిపోతున్నాయి. అది జబ్బో, సంతోషమో నాకే తెలీలేదు. తోడు వస్తానని పిన్ని వచ్చింది. ఫ్లాస్కులో టీ తెచ్చింది. (ఆ టీ నేను తాగలేదు. పిన్ని చూడనప్పుడు బెంచీ కింద ఒంపాను.)

"ఇంతకీ లోపలికెళ్ళి ఏమడుగుతావే?" అంది.

"అయొడిన్ వద్దని ముద్ర వేయమంటాను."

"చాల్లే సంబడం! ఆ డాక్టర్ కుర్రాడు నీ మొహం చూసి జాలిపడి ఏదో ఒకటి రాసిచ్చేస్తాడు. ఉండు, నీకు రోజుకెన్ని చుక్కలు పొయ్యాలో నేనే కనుక్కుంటా."

"పిన్నీ, కూర్చో. పిన్నీ, నీకు దణ్ణం పెడతాను..."

అప్పటికే తలుపు దగ్గరకు చేరింది. లోపలివాళ్ళు బయటకు వస్తుంటే, మీసాలాయన లేవబోతుంటే, రెండు స్వెట్టర్ల భుజంతో దారి చేసుకుంటూ, "ఒక్క మాట అడగడానికే వచ్చాను బాబూ" అంది. అందరూ పళ్ళు కొరుక్కుని దారి ఇచ్చారు. నేనూ ఇచ్చాను.

ఆ ఒక్క మాట ఎంతకీ తెమల్లేదు. గోడ మీద ఉప్పునీరు కారుతూనే ఉంది. వరసలో గొణుగుడు మొదలైంది. మీసాలాయన నావంక చూసి, "మీ పిన్నా?" అన్నాడు. కాదని చెప్పాలనిపించింది.

తలుపు తెరుచుకుంది. ముందు డాక్టర్ ఒస్త్రోవిచ్ బయటికొచ్చాడు, బస్సు అందుకోవాలని పరుగెత్తుకుంటూ. వెనకాల పిన్ని వచ్చింది. మొహం తెల్లబోయి ఉంది. నెమ్మదిగా నా పక్కన కూలబడింది. చేతిలో ముద్ర వేసిన కాగితం.

"నీ మాట ఎత్తనే లేదే," అంది. "నోరు తెరవగానే నా గొంతు విని మెడ పట్టుకు చూశాడు. ఇంత ఎండలో స్వెట్టర్లేంటి, పగలు నిద్రొస్తుందా అన్నాడు. సంచిలో కవరు ఉంటే విప్పించాడు." గొంతు ఇంకా తగ్గించింది. "నాక్కూడా హషిమోతో అట. ఎన్నో ఏళ్ళనుంచీ ఉండి ఉంటుందట."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో గుర్తులేదు. పిన్ని చెయ్యి పట్టుకున్నాను. నా చెయ్యి ఎంత చల్లగా ఉందో ఆవిడదీ అంత చల్లగా ఉంది.

"బొగుషా, ఆ రోజు పిల్లలందరికీ పోశానే... అది తప్పా?"

"కాదు పిన్నీ. ఆ రోజు పొయ్యాల్సిందే. అప్పుడు నువ్వు చేసింది ఒప్పే."

"ఒప్పే కదూ!" అని స్వెట్టర్ చేతితో కళ్ళు తుడుచుకుంది.

నేను కౌంటర్‌కి పరుగెత్తాను. జానెతా గారు అప్పటికే మైకు మీద గుడ్డ కప్పుతోంది.

"విల్చెక్ గారి పేరు కొట్టేశానండీ. చూపించుకున్నారుగా?"

"అది నేను కాదండీ, మా పిన్ని! ఆవిడ ఒక్క మాట అడగడానికే వెళ్ళింది."

"విల్చెక్కే కదా. ఓ విల్చెక్ లోపలికెళ్ళింది, ఓ ముద్ర బయటికొచ్చింది. నా లెక్క సరిపోయింది. మీరు వచ్చే నెల మంగళవారం మళ్ళీ 'ఆఖరు ఎవరు' అని మొదలుపెట్టండి."

తిరిగి వచ్చేసరికి బెంచీ మీద పిన్ని లేదు. ఆరోగ్య కేంద్రం లోపల, తుంపర తగలని చోట, ముద్ర చూపించి వేయించుకున్న కుర్చీలో కూర్చుని ఉంది. ముద్ర ఉన్నవాళ్ళకు ఇచ్చే కుర్చీ అది. మొహంలో మళ్ళీ కళ వచ్చింది. గుమ్మం దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళడానికి నాకు అర్హత లేదు కనుక అక్కడే నిలబడ్డాను.

"అయొడిన్ ఎంత ప్రమాదమో తెలుసుటే?" అంది పిన్ని. "మా లాంటివాళ్ళు దాని జోలికే పోకూడదట. ఇన్నేళ్ళూ తాగుతుంటే చూస్తూ ఊరుకున్నావు. ఒక్కసారైనా చెప్పలేదేమే?"

తర్వాత సంచిలోంచి నాచు మాత్రలూ, చుక్కల సీసాలూ ఒక్కొక్కటే తీసి, గుమ్మం ఇవతలున్న నా చేతుల్లో పెట్టింది.

"పారెయ్యడానికి మనసొప్పడం లేదు. నీకింకా ముద్ర పడలేదుగా, నువ్వు తాగెయ్."