గొర్రెల పట్టికలో పిల్లి చెవి

పిల్లి చెవి పిల్లి సొంత వ్యవహారమని అనుకునేవాళ్ళు మా జిల్లాలో ఇంకా మిగిలి ఉన్నారంటే, అది పరిపాలనకే అవమానం. చెవి పిల్లిదే కావచ్చు. అందులోని గులిమి మాత్రం అధికారుల అనుమతి లేకుండా బయటికి రాకూడదు. ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు (నా చదువు ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది). కాళ్ళరిగేలా తిరిగి తెలుసుకున్నాను.

మార్తా నా దగ్గరికి పోయిన ఆకురాలు కాలంలో వచ్చింది. పై అంతస్తులో ఉండే సంగీతం టీచరు రొసాలియా కార్లోవ్నా వాళ్ళక్క దగ్గర ఉండడానికి జర్మనీ వెళ్ళిపోతూ ఒక బుట్టా, ఒక గిన్నే, ఒక బూడిదరంగు పిల్లీ నా చేతిలో పెట్టింది. "బెయ్షెన్, దీని చెవులు నెలకోసారి చూస్తూ ఉండు" అంది. ఎలా చూడాలో చెప్పేలోపు టాక్సీవాడు హారన్ కొట్టాడు.

నాది పంక్చర్ల కొట్టు. పగలంతా గాలి గురించి మాట్లాడతాను. ఇంటికొచ్చాక మిగతా వాటి గురించి మాట్లాడతాను: రోడ్లు, పట్టణ పాలకులు, మా అన్న, పెళ్ళయిన పదకొండో ఏట సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోయిన నా భార్య. ఇవన్నీ లేచిపోకుండా చివరిదాకా విన్న ప్రాణి ఈ భూమ్మీద మార్తా ఒక్కటే. అలాంటిది ఫిబ్రవరిలో తల ఎడమవైపుకి వాల్చి నడవడం మొదలుపెట్టింది. వెనక కాలితో చెవి ఒకటే గోకుడు. లోపల చూస్తే టీ పొడిలాంటి నల్లటి మురికి. ఎడమవైపు నుంచి పిలిస్తే తిరగడం మానేసింది. ఇంకో నెల ఇలాగే గడిస్తే నా గోడు నిజంగానే గోడకి చెప్పుకోవాల్సి వస్తుందని భయమేసింది.

వెంటనే మా భవనం ముందు ముసలాళ్ళు కూర్చునే బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆ బల్లకి అధ్యక్షుడు అసాన్‌కుల్ ఆక్సకల్. ఆక్సకల్ అంటే తెల్లగడ్డం పెద్దాయన (ఈయనకి గడ్డం లేదు, పదవి మాత్రం ఉంది).

"గొర్రె తోక కొవ్వు కరిగించు. గోరువెచ్చగా నాలుగు చుక్కలు చెవిలో పొయ్," అన్నాడాయన. "చిన్నప్పుడు నా చెవుల్లోనూ అదే పోశారు."

"పనిచేసిందా ఆతా?" అన్నాను (పెద్దవాళ్ళని మేం ఆతా అనే పిలుస్తాం).

"ఆఁ? ఏమన్నావ్?" అన్నాడు, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని.

(ఈ జవాబు విలువ నాకప్పుడు తెలియలేదు.)

పెద్దాయన మాట కాదనడం నా వల్ల కాదు. మా విందుల్లో ఉడికించిన గొర్రె తలకాయని పెద్దాయన ముందు పెడతారు. ఆయన చెవి కోసి, పెద్దల మాట వింటూ పెరగమని ఇంట్లో అందరికంటే చిన్నవాడికిస్తాడు. మా తరంలో చిన్నవాణ్ణి నేను. నాకు యాభై మూడేళ్ళు. ముందుపళ్ళు రెండు కట్టుడువి. అయినా ప్రతి విందులోనూ చెవి నా పళ్ళెంలోకే వస్తుంది, కన్ను మా అన్న పళ్ళెంలోకి వెళ్తుంది. ఇన్ని చెవులు నమిలినవాడు ఎదురెలా చెబుతాడు? పోశాను.

రెండు రోజులు మార్తా ఒంటి నుంచి పెళ్ళివిందు వాసన వచ్చింది. కొవ్వు చల్లారి చెవిలో గడ్డకట్టింది. పెరటి కుక్కలు మూడు మా గుమ్మం ముందు వరసలో కూర్చున్నాయి (నంబరు చీటీలు లేకుండానే, ఒకదాన్నొకటి తోసుకోకుండా). మూడో రోజు అగ్గిపుల్లకి దూది చుట్టాను. అది చూసి మార్తా బీరువా పైకెక్కింది. ఇక చేసేదేమీ లేక దాన్ని బుట్టలో పెట్టుకుని, అగ్గిపుల్ల జేబులో వేసుకుని, పశువుల చెవి, గిట్ట, ఉన్ని సేవల ఉమ్మడి కేంద్రానికి బయల్దేరాను.

అక్కడ మనుషులతో మాట్లాడే మొరటు అలవాటు తీసేశారు. తలుపు దగ్గర నంబరు చీటీ ఇచ్చే మిషన్ ఉంది. దానికి ఐదు మీటలు: గుర్రం, ఆవు, గొర్రె, మేక, జడలబర్రె. మార్తాని ఎత్తి ఐదూ చూపించాను. దానికేదీ నచ్చలేదు. సైజు చూసి గొర్రె నొక్కాను.

కిటికీ దగ్గర మీర్గుల్ అనే అమ్మాయి కూర్చుని ఉంది.

"బైకే, గొర్రె నంబరు మీదేనా? గొర్రె ఏది?" అంది (బైకే అంటే అన్నయ్య).

బుట్ట మూత తీశాను.

"ఇది పిల్లి కదా బైకే."

"అవును చెల్లెమ్మా. మీ మిషన్‌లో పిల్లి లేదు."

"లేదంటే లేనట్టే."

"ఉంది కదా, ఇదిగో చూడు, నిన్నే చూస్తోంది."

"ఇక్కడ ఉంది. కంప్యూటర్‌లో లేదు." మీర్గుల్ నిట్టూర్చింది. మంచి పిల్ల. "సరే, చీటీ తీశారు కాబట్టి గొర్రె కిందే రాస్తాను. పొట్టి రకం, బూడిదరంగు. ఏటా ఉన్ని ఎంత ఇస్తుంది?"

"నా కోటు మీద ఉన్నంత."

"ఓ మోస్తరు," అంటూ కంప్యూటర్‌లో కొట్టింది. "వేసవిలో ఏ కొండమేతకి తోలతారు?"

"ఎక్కడికీ తోలను. సోఫా మీద పడుకుంటుంది."

"సోఫా ఏ ఊరి పరిధిలోకి వస్తుంది?"

ఆ రకంగా పదహారు గడులు నింపాక, చెవుల విభాగం ఉప అధికారి తలాంత్ మామిరోవిచ్ లోపలి గదిలోంచి దయచేశాడు. ఒక చేతిలో పటకారు, రెండో చేతిలో అంకెలున్న పసుపుపచ్చ బిళ్ళ. గొర్రెలకి కుడతారే, ఆ బిళ్ళ. మార్తా తల కంటే కొంచెం చిన్నది.

"ఎడమ చెవి," అన్నాడు.

"అయ్యా, నొప్పి ఆ చెవిలోనే. శుభ్రం చేయించడానికి తెచ్చాను."

"బిళ్ళ లేని పశువు చెవి శుభ్రం చేయకూడదు. ఏడో నిబంధన." వంగి చెవిలోకి చూసి ముక్కు మూసుకున్నాడు. "ఛీ, మురికి. మురికి చెవికి బిళ్ళ వేయకూడదు. ఎనిమిదో నిబంధన. శుభ్రం చేయించుకుని రండి."

"ఎక్కడ చేయించుకోమంటారు?"

"ఇక్కడే. ఇంకెక్కడా చేయకూడదు."

"బిళ్ళ లేకపోతే చేయరు కదా?"

"చేయం."

"మరెలా?"

"అందుకే కుర్చీలు వేయించాం," అన్నాడు, వసారా వైపు చూపిస్తూ. నిజమే. చాలా మంచి కుర్చీలు.

మూడు గంటలు కూర్చున్నాను. పశువైద్యురాలు జడలబర్రెలు లెక్కపెట్టడానికి కొండల్లోకి వెళ్ళిందట, గురువారం దాకా రాదట. నేల తుడిచే సాబీరా ఎజే (ఎజే అంటే అక్క) మూడుసార్లు నా కాళ్ళెత్తమంది. నాలుగోసారి చీపురు గోడకి ఆనించి బుట్టలోకి తొంగి చూసింది. ఇరవై ఏళ్ళు అక్కడే వైద్య సహాయకురాలిగా చేసిందట. ఆ ఉద్యోగం రద్దు చేసి, అనుభవాన్ని గౌరవించి చీపురు చేతికిచ్చారు.

"ఏం పోశావు ఇందులో?"

"తోక కొవ్వు, ఎజే."

"వేయించుకు తిందామనుకున్నావా? జేబులో ఆ పుల్లేంటి?"

చెప్పాను. పుల్ల లాక్కుని చెత్తలో పారేసింది.

"టైర్లవాడివి కదూ, చేతులు చూస్తే తెలుస్తోంది. ట్యూబు చిరిగితే అతుకు వేస్తావు. చెవి లోపలి పొర చిరిగితే వేస్తావా? నా తువ్వాలు పట్టుకో. దీన్ని చంటిపిల్లని చుట్టినట్టు చుట్టు. తల బయటికి. గట్టిగా బిగించకు, ఊపిరాడాలి."

చుట్టాను. లోపలి అలమారాలోంచి చెవులు కడిగే మందునీళ్ళ సీసా తెచ్చి, చలి పోయేదాకా గుప్పిట్లో పెట్టుకుంది. చెవి కొసని మెల్లగా పైకి పట్టుకుని చెవిలో కొంచెం పోసింది. చెవి మొదలు దగ్గర బయటినుంచే వేలితో గుండ్రంగా, పిండి పిసికినట్టు పిసికింది. లోపల చిత్తడి చిత్తడిగా చప్పుడైంది. మార్తా కళ్ళు సగం మూసింది.

"ఇప్పుడు వదిలెయ్. తల విదిలించుకోనీ. లోతున ఉన్నదాన్ని అదే బయటికి తెస్తుంది. దాని పని నువ్వు చెయ్యకు."

మార్తా విదిలించింది. టీ పొడి, పెళ్ళివిందు, అన్నీ నా ముఖం మీద పడ్డాయి. సాబీరా ఎజే వేలికి దూది చుట్టుకుని, కంటికి కనిపించిన మేరకే తుడిచింది.

"కనిపించినంతే నీ హక్కు. ఆపైన వేలు పెట్టకు. ఇందులో పురుగులు కూడా ఉన్నట్టున్నాయి. గురువారం డాక్టరమ్మకి చూపించు, చుక్కల మందు రాస్తుంది. అంతవరకూ ఆ బల్ల దగ్గరికి పోకు."

మొత్తం ఐదు నిమిషాలు. నేను మార్తాని ఎడమవైపు నుంచి పిలిచాను. తిరిగి చూసింది.

అప్పుడే తలాంత్ మామిరోవిచ్ భోజనం నుంచి తిరిగొచ్చాడు. చెవి చూశాడు. ముఖం పాలిపోయింది.

"ఈ శుభ్రత ఎక్కణ్ణుంచి వచ్చింది?"

సాబీరా ఎజే నేల తుడుస్తోంది. ఆయన కాసేపు ఆలోచించాడు. తర్వాత ముఖం వికసించింది. "మంచిదే. శుభ్రంగా ఉంది కాబట్టి ఇక బిళ్ళ వేయొచ్చు," అంటూ పటకారు తెరిచాడు. నేను మార్తాని కోటు లోపలికి లాక్కున్నాను.

"తలాంత్, పదకొండో నిబంధన చూసుకున్నావా నాయనా?" అంది సాబీరా ఎజే, తల ఎత్తకుండానే. "చెవిటి పశువుకే బిళ్ళ తప్పనిసరి. పిలిస్తే వినేదానికి అక్కర్లేదు. వినికిడి పరీక్ష యజమాని ఇంటి దగ్గరే చెయ్యాలి. ఆ పుస్తకం టైపు చేసింది నేనే కదా."

పుస్తకం తిరగేశాడు. ఉంది. అధికారి తన పుస్తకాన్ని తొలిసారి చదివినప్పుడు పడే బాధ ఆ ముఖంలో చూశాను.

శుక్రవారం మా ఇంటికొచ్చాడు, సంచీ తగిలించుకుని. చుక్కల మందు అప్పటికే మొదలైంది. మార్తా నా ఒళ్ళో ఉంది. నేను టీ పోశాను. పరీక్ష విధానం ఆయనే వివరించాడు: పశువు ఎదుట నిబంధనావళిని గట్టిగా చదవాలి. నలభై ఒక్క నిబంధనలు. పశువులో ఏదైనా స్పందన కనిపిస్తే చెవులు పనిచేస్తున్నట్టు. కనిపించకపోతే చెవిటిదన్నట్టు, అక్కడికక్కడే బిళ్ళ.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మొదటి నిబంధనకి మార్తా ఒక చెవి వెనక్కి వాల్చింది. రెండోదానికి రెండోది వాల్చింది. మూడోది సగంలో ఉండగా లేచి, ఒళ్ళు విరుచుకుని, నా ఒళ్ళోంచి దిగి, పక్కగదిలోకి వెళ్ళి మంచం కింద దూరింది.

"వినికిడి అద్భుతం," అని రాసుకున్నాడు. "బిళ్ళ అవసరం లేదు."

కానీ మొదలుపెట్టిన చదువు మధ్యలో ఆపకూడదట. మిగతా ముప్పై ఎనిమిదీ నాకు చదివి వినిపించాడు. నేను కదలలేదు, మెదలలేదు, చివరి నిబంధన దాకా ఆయన ఎదురుగానే కూర్చున్నాను. ఆయన పుస్తకం మూసి, నన్ను పరీక్షగా కాసేపు చూసి, సంచీలోంచి పటకారు బయటికి తీశాడు.