సొరంగంలో నలభై రెండు ముఖాలు

"వచ్చే సోమవారం ఉదయం పదకొండు గంటల నుంచి ఈ కంపెనీలో ఏ ముఖమూ ఆగిపోదు, ఏ గొంతూ తెగిపోదు!"

ఈ చారిత్రక ప్రకటన చేసినవారు కంపెనీ పెద్ద అధికారి నరేందర్ సార్. వీడియో మీటింగులో చేశారు కాబట్టి "ఏ ముఖమూ" దగ్గర ఆయన ముఖం ఆగిపోయింది, "ఏ గొంతూ" దగ్గర గొంతు తెగిపోయింది. మిగతా చరిత్ర మెయిల్లో వచ్చింది.

సోమవారం మీటింగుకు నలభై రెండు మందీ కెమెరా తెరిచి కూర్చోవాలి. వెనక నకిలీ దృశ్యాలు నిషేధం. ముఖం కనబడనివాళ్లు మర్నాటి నుంచి హైదరాబాద్ ఆఫీసు ఏడో అంతస్తులో హాజరు కావాలి. ఉద్యోగులందరూ ఆఫీసుకు అరగంట దూరంలోనే నివసించాలన్న పాత నియమాన్ని కూడా సారు మరోసారి గుర్తుచేశారు. కాల్స్ ఎందుకు తెగుతున్నాయో కనిపెట్టి బాగుచేసే బాధ్యత నెట్‌వర్క్ విభాగం శ్రవణ్ కుమార్‌ది.

ఆ మెయిల్‌ను శ్రవణ్ కుమార్ గద్వాలలో, సొంత ఇంట్లో, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చదివాడు. అతను అక్కణ్ణుంచి అరగంటలో చేరగలిగింది గద్వాల బస్టాండు ఒక్కటే!

గద్వాల చీరకు నడుమ నూలు, అంచులకు పట్టు. పోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు తిరగాలి. నేసే మనిషి ఒక అంచు చూసుకుంటుంటే రెండో అంచు దగ్గర ఇంకో మనిషి కూర్చుని నాడె అందుకోవాలి. నేసేది శ్రవణ్ భార్య స్వరూప. రెండో అంచు దగ్గర అతని తల్లి సుభద్రమ్మ కూర్చునేది. రెండేళ్ల కింద ఆమె మోకాళ్లు ఇక గుంటలోకి దిగమన్నాయి. అప్పటి నుంచి ఆ చోటు శ్రవణ్‌ది. అతను హైదరాబాద్ పోతే మగ్గం ఆగుతుంది. సంగతి అంతే.

వాడకట్టులో మాత్రం సుభద్రమ్మ వేరే చెప్పేది. "మావోడు లోపల మీటింగ్‌ల ఉన్నడు. పెద్ద కంపెనీ. తలుపు కొట్టకుండ్రి!" కొడుకు గుంటలోకి దిగుతున్నాడని చెప్పడం ఆమెకు నామోషీ. కొడుకు గద్వాలలో ఉన్నాడని చెప్పడం కొడుక్కు నామోషీ. ఇద్దరి నామోషీకీ ఒక్కటే తలుపు సరిపోయింది.

కంపెనీకి తెలియకుండా ఈ సంసారాన్ని కాపాడింది వీపీఎన్. ఇంట్లో కంప్యూటర్‌కూ ఆఫీసుకూ మధ్య కంపెనీ తవ్వుకున్న రహస్య సొరంగం అది. పని గుట్టుగా సాగడానికి తవ్వారు. కానీ దాంట్లోకి దిగిన ముఖం సగంలో ఇరుక్కునేది, మాట ముక్కలయ్యేది. "సార్, వినబడటం లేదు" అని శ్రవణ్ నిజమైన బాధతో అనేవాడు. అబద్ధం చెబుతున్నప్పుడు తన గొంతులో అంత బాధ ఎక్కణ్ణుంచి వస్తోందా అని ఒకటి రెండుసార్లు ఆలోచించాడు కూడా. ఒకే అబద్ధాన్ని రోజూ ఒకే వేళకు చెబితే మనసు దాన్ని అబద్ధాల లెక్కలోంచి తీసి అలవాట్ల లెక్కలో వేస్తుంది. కాల్స్ బాగుచేయడమే ఉద్యోగంగా ఉన్న మనిషి, అవి తెగే చోట రెండేళ్లుగా ఒక్కసారి కూడా చెయ్యి పెట్టలేదు. రోగం మీద ప్రేమ పుట్టిన వైద్యుడతను!

ఇప్పుడు బాగుచేయకపోతే ముఖం కనబడదు, హైదరాబాద్ పోవాలి. బాగుచేస్తే ముఖంతో పాటు మగ్గం కూడా కనబడుతుంది, అప్పుడూ హైదరాబాదే!

"ఏంది గట్ల మొఖం పెట్టినవ్?" అంది స్వరూప, నాడె ఆపకుండా.

"సొరంగం నిండిపోయిందే. కంపెనీ కాయితాలు, మాటలు, మొఖాలు అన్నీ అండ్లకెల్లే హైదరాబాద్ పోయి మల్ల ఎనుకకు వస్తున్నయి. అందుకే తెగుతున్నయి."

"అంటే అంచుకు, నడిమికి ఒకటే నాడె తిప్పుతుండ్రా మీ కంపెనీల?" స్వరూపకు నవ్వు ఆగలేదు. "చిక్కుపడక ఏమైతది! అంచు నాడె అంచుకు, నడిమి నాడె నడిమికి. గింత తెల్వదా మీ సార్లకు?"

శ్రవణ్ చేతిలో నాడె ఆగింది. ఆ సంగతి అతనికి ఎప్పుడో తెలుసు. తెలియనట్టు ఉంచుకోవడానికే అంత కష్టపడ్డాడు. ఇప్పుడు భార్య ఒక్క మాటలో చెప్పేసరికి, ఇక తెలియకుండా ఉండటానికి వీల్లేకపోయింది.

ఆ మధ్యాహ్నమే కంపెనీ కాగితాలను సొరంగంలో ఉంచి, మాటలనూ ముఖాలనూ బయటి దారిన పంపాడు. పావుగంట పని. పక్కగదిలోని తల్లి ఫోనుకు ల్యాప్‌టాప్ నుంచి వీడియో కలిపి చూశాడు. తెర మీద సుభద్రమ్మ ముక్కుపుడక రాయి కూడా మెరిసింది.

"ఇదేందిరా, ఎదురుంగ కూసున్నట్టున్నవ్!" అందామె భయంగా.

పదినిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. మొదట శ్రుతి. నా వీడియో ఆగిపోతోంది, అత్యవసరం అని పోయిన వారమే ఫిర్యాదు రాసిన అమ్మాయి.

"అన్నా, నా వీడియో బాగైంది!"

"మంచిదే గదమ్మా."

"ఏం మంచిదన్నా! వనపర్తిల మా అత్తమ్మ టిఫిన్ సెంటర్ల కూసున్న. పెనం మీద దోశ ఏస్తే గా సుయ్‌మనేది గూడ ఇనొస్తుందట. జర ఎప్పటి లెక్క చెయ్యన్నా, నీ కాళ్లు మొక్కుత!"

తర్వాత బల్మూర్ నుంచి రాఘవేందర్. కంపెనీ రికార్డుల్లో ఈయన చిరునామా హైదరాబాద్‌లో ఆఫీసు వెనక వీధి. "తమ్మీ, నేను పల్లికాయ పీకిపిస్తున్న. పద్దెనిమిది మంది కూలోల్లు నా ఎనుకనే ఉన్నరు. నా మొఖం ఆపెయ్యి తమ్మీ, నీకు పుణ్యముంటది."

సాయంత్రానికి తేలిన లెక్క ఇది. బాగుచేయమని వచ్చిన ఫిర్యాదులు నలభై రెండు. బాగుచేసినందుకు వచ్చినవి ముప్పై తొమ్మిది. మిగిలిన ముగ్గురిలో ఒకడు శ్రవణ్, ఒకరు నరేందర్ సార్, ఒకాయన నిజంగానే హైదరాబాద్‌లో ఉంటాడు. పాపం, ఆయనకు అక్కడ ఎవరూ కనబడక ఒంటరిగా ఉందట.

మళ్లీ పాడుచేద్దామంటే సోమవారం ముఖం కనబడనివాళ్లకు ఏడో అంతస్తు సిద్ధంగా ఉంది. అదీగాక శ్రవణ్‌కు లోపల ఎక్కడో గర్వం మొదలైంది. తన గొయ్యి తానే తవ్వుకున్నా, అంచులు నున్నగా వచ్చినందుకు మురిసిపోయే గుణం మనిషికి ఉంటుంది కాబోలు!

సోమవారం వచ్చింది.

"పదకొండుకు మగ్గం ఆపుదామే," అన్నాడు.

"ఎట్ల ఆపుత? పన్నెండుకు పెండ్లోల్లు వస్తరు. ఇంక జానెడు ఉంది. నువ్వు అంచు కాడ కూసుంటెనే చీర దిగుతది."

అలా శ్రవణ్ పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో గుంట దగ్గర కూర్చున్నాడు. ల్యాప్‌టాప్‌ను బియ్యం డబ్బా మీద ఎత్తుగా పెట్టాడు. తెరలో ఛాతీ నుంచి పైకే కనబడుతుంది. కిందంతా గద్వాల!

పదకొండుకు నలభై రెండు ముఖాలూ ఒక్కసారి వెలిగాయి. ఎక్కడా ఒక్క గీత లేదు, ఒక్క మాట తెగలేదు. రాఘవేందర్‌కు మీసం ఉందని శ్రుతికి ఆ రోజే తెలిసింది. నరేందర్ సార్ వెనక ఏడో అంతస్తు అద్దాల కిటికీ, అందులోంచి హైదరాబాద్ భవనాలు.

"అద్భుతం శ్రవణ్!" అన్నారు సారు. "కానీ మీ దగ్గర ఆ టక్ టక్ ఏమిటి?"

"కీబోర్డ్ సార్."

"మీ భుజం ఎందుకలా ఎగురుతోంది?"

"పాత కీబోర్డ్ సార్. గట్టిగా కొడితేనే పడుతుంది."

సారు ముందుకు వంగారు. "మీలో కొందరు ఊళ్లలో కూర్చుని పనిచేస్తున్నారని నాకు అనుమానం. ఇది కంపెనీకి ద్రోహం! ఒక్కొక్కరూ కెమెరా తిప్పి గది మొత్తం చూపించండి. శ్రవణ్, మీతోనే మొదలు."

శ్రవణ్ చెయ్యి ల్యాప్‌టాప్ మీద పడింది. తిప్పితే స్వరూప, మగ్గం, గుంట. రెండేళ్లు! అతను కళ్లు మూసుకున్నాడు.

"మానవపాడు గ్రామ ప్రజలకు తెలియజేయునది!"

మైకు మోత. ఒక్క అక్షరం తెగకుండా నలభై రెండు ఇళ్లలో వినబడింది. "రేపు పొద్దుగాల ఊరి ముంగట పశువులకు టీకాలు ఏస్తరు! ఎవరి పశువులను వారు తోలుకొని రావలెను!"

శ్రవణ్ కళ్లు తెరిచాడు. ఆ మోత వస్తున్నది తెర మీది నరేందర్ సార్ పెట్టెలోంచి!

సారు ఆగిపోయారు. చెయ్యి గాలిలో, నోరు సగం తెరుచుకుని, కళ్లు రెప్పవేయకుండా. రెండేళ్ల అనుభవం ఉన్న నలభై ఒక్కమంది ఆ ఆగిపోవడాన్ని పరీక్షగా చూశారు. లోపం పట్టడానికి లేదు. అంతలో గాలి వీచింది. హైదరాబాద్ నగరం అలలు అలలుగా ఊగింది. ఫ్లెక్సీ! ఏడో అంతస్తు కింది మూల పైకి లేచింది. దాని వెనక ఎర్రటి మిరపకాయ బస్తాలు. బస్తాల మీదినుంచి ఒక కోడి ఎగిరి వచ్చి, సారు కుర్చీ వీపు మీద వాలి, ఆయన చెవిలోకి తొంగిచూసింది.

సారు కదల్లేదు. ఆయన్ను మెచ్చుకోవాలి!

మొదట తేరుకున్నది శ్రుతి. "సార్, మీరు ఆగిపోయారు!" అంది ఆనందంగా.

"నాకు గూడ ఆగిపోయింది," అంటూ రాఘవేందర్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. శ్రుతి చెయ్యి ఊపబోయి మధ్యలో నిలిపేసింది. తర్వాత ఒకరి వెనక ఒకరు. నిజంగా హైదరాబాద్‌లో ఉన్నాయన కూడా, ఒక్కడే కదలడం బాగుండదని ఆగాడు.

"నాడె ఎందుకాపినవ్?" అంది స్వరూప.

"ఆగిపోయినమే," అన్నాడు శ్రవణ్ పెదవులు కదపకుండా.

"నెట్టు పోయిందా?"

"లే. మస్తుగుంది."

పదకొండున్నరకు మెయిల్ వచ్చింది. నేటి సమావేశంలో తీవ్రమైన సాంకేతిక లోపం బయటపడినందున కెమెరా నియమం నిలిపివేయడమైనది. లోపం కనిపెట్టేవరకు ఎవరూ ఉన్నచోటు నుంచి కదలరాదు. ఆ బాధ్యత శ్రవణ్ కుమార్‌కు, కాలపరిమితి లేకుండా.

పన్నెండుకు చీర మగ్గం దిగింది. పెళ్లివాళ్లు అంచు తిప్పి చూసి మురిసిపోతుండగా శ్రవణ్ ఫోన్ మోగింది. నరేందర్ సార్. గొంతులో ఏడో అంతస్తు లేదు.

"శ్రవణ్, గా లోపం దొరకనీకె ఎన్ని దినాలు పడ్తది?"

"మీకు ఎన్ని దినాలు గావాలె సార్?"

"మిర్చి కోత అయిపోయేదాంక."

"మాకు పెండ్లిల్లు అయిపోయేదాంక సార్."

"సరే అయితే. కష్టమైన లోపం, తొందరపడకు."

సారు వెనకనుంచి కొక్కొక్కొ అని గట్టిగా వినబడింది. మాట ఒక్కటీ తెగలేదు. లైను అంత బాగుంది.

"సార్, అదేం చప్పుడు?" అన్నాడు శ్రవణ్.



"కీబోర్డ్," అన్నారు సారు.